మద్దెల ఓడు

కుషిరో రేవులో పొగమంచు ఎక్కే వేళకి
నేను డ్యూటీ దిగుతాను.
పగలంతా బెల్టు మీద కానాగంతలు
నా వైపే వస్తాయి, తలలు ముందుకి పెట్టి.
తల తీసి పంపడం నా వంతు.
రాత్రి టీవీలో బాణాలు కింద నుంచి పైకి వస్తాయి,
తొక్కి పంపడం నా వంతు.
బాణాలకి వాసన లేదు, అంతే తేడా.

ఈ ఆట చాప తమోత్సు కోసం కొన్నాను,
పాత సామాన్ల కొట్లో, ఎనిమిది వందల యెన్‌లకి.
నాలుగు రోజులు ఎగిరాడు.
అంతలో గొంతు మారింది, సిగ్గు పుట్టింది,
చాప అటకెక్కింది.
దించింది నేనే, నలభై ఏడేళ్లదాన్ని,
వాడు నిద్రపోయాక.
గడ్డిచాప మీద ప్లాస్టిక్ చాప,
దాని మీద తొక్కుడుబిళ్ల గీతల్లా తొమ్మిది గళ్లు.

మాది మూడో అంతస్తు. కింద ఇసెకి గారు.
డెబ్బై తొమ్మిదేళ్ల ఒంటరి మనిషి.
మంగళవారం చెత్త సోమవారమే పెడితే
ఆ మూట మోసుకొచ్చి మన గుమ్మంలోనే దించే మనిషి.
అందుకని టీవీ నోరు నొక్కేశాను.
చాప కింద పాత పరుపు, దాని కింద
తమోత్సు చిన్నప్పటి దుప్పటి,
కాళ్లకి రెండు జతల ఉన్ని మేజోళ్లు.

చాపకి బరువు కావాలి.
ఇంటికి బరువు పనికిరాదు.
పాట లేని ఆట ఎలా ఉంటుందంటే
అద్దం అవతల ఎవరో తిడుతున్నట్టు.
మాట వినపడదు,
తప్పు మనదేనని మాత్రం తెలుస్తుంది.

ఎడమ బాణం ఎప్పుడూ తప్పే.
తొక్కినా తప్పే, ఆగి మళ్లీ గట్టిగా తొక్కితే అప్పుడప్పుడూ ఒప్పు.
మడమతో చూశాను, వేళ్లతో చూశాను,
ఒకసారి కోపం వచ్చి మోకాలితో.
చాపదే లోపం అందామంటే
ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుందని
ఎడం కాలినే తిట్టుకున్నాను.
ఫ్యాక్టరీలో తూకం ముందు నిలబడి
రబ్బరు బూటు లోపల దానికి సాధన చేయించాను.
సూపర్‌వైజర్ కురొయానగి అడిగాడు, తిమ్మిరా అని.

ఫిబ్రవరిలో ఒక రాత్రి తలుపు చప్పుడు.
ఇసెకి గారు. రాత్రి బట్టల మీద కోటు. చేతిలో మూట లేదు.
నడుం వంచాను. క్షమాపణ సగంలో ఉండగానే
"మీకు ఒక దెబ్బ ఆలస్యం" అన్నారు.

"ముప్పై ఒక్క ఏళ్లు తంతి ఆఫీసులో కూచున్నాను.
చుక్కా గీతా వినకుండా ఉండడం నా చేత కాదు.
మీకు ఒకటి పడదు. వెంటనే అదే గట్టిగా పడుతుంది.
నవంబరు నుంచీ ఆ రెండోదాని కోసం
నిద్ర ఆపుకుని పడుకుంటున్నాను."

పరుపు, దుప్పటి, నాలుగు మేజోళ్లు
అన్నీ దాటుకుని దిగిందన్నమాట నా కాలు.

కత్తెర తెచ్చి కుట్టు విప్పాం.
లోపల రెండు వెండిరంగు రేకులు,
మధ్యలో చిల్లుల స్పాంజి.
చిల్లి ఉన్నచోటే పై రేకు కింది రేకుని తాకేది.
ఎడమ గడిలో స్పాంజి జరిగిపోయి ఉంది,
రేకు మీద పొడుగాటి పగులు.
ఓడు మద్దెలదే!
ఇన్నాళ్లూ తిట్లు తిన్న కాలిని
మఠం వేసుక్కూచుని కాసేపు పట్టుకున్నాను.

చాక్లెట్ కాయితం అతికించాం.
తమోత్సు లేచొచ్చి,
అర్ధరాత్రి ఇద్దరు ఆడవాళ్లు చాప కోయడం చూసి,
నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎడమ బాణం కాలు పెట్టకముందే పలుకుతుంది.
రోడ్డు మీద లారీ పోతే పలుకుతుంది.
ఇసెకి గారు వెళ్తూ మెట్ల మీద తుమ్మితే
అదీ లెక్కలో వేసుకుంది.

నాకే ఆ రెండో దెబ్బ అలవాటు పోలేదు.
అక్కర్లేకపోయినా వేస్తాను,
కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా.
కింది కిటికీ లోంచి మంచు మీద పడే వెలుతురు
ఆరేది ఆ తర్వాతే.